ఎందుకో ఇక్కడ రాయాలి

కోల్డ్ స్టోరేజి క్వార్టర్స్, మేడ మీది గది
ఆదివారం

మావయ్యకి,

పేచీ నమస్కారాలు. ఈ కాలంలో ఉత్తరమేమిటని నవ్వకండి. ఫోన్ చేస్తే మీరు "ఆఁ? ఆఁ?" అంటారు, నేను గొంతు చించుకుంటాను. పక్క గదివాళ్ళు మనకేదో ఆస్తి తగాదా ఉందనుకుంటున్నారు. పోనీ మెయిలు పెడదామంటే, రిటైరైన రోజే ఇక కంప్యూటరు మొహం చూడనని ఒట్టు పెట్టుకున్నారు. అత్తకి ఫోన్ చేసి చెప్పమంటే "నాకా ఫ్యాన్లూ మోటార్లూ అర్థం కావు తల్లీ, మధ్యలో నేను తప్పు చెప్తే?" అంటుంది. అందుకని ఈ కాయితం.

అసలు సంగతికి వస్తాను. మీరు రాసిన ప్రోగ్రామునే ఇక్కడ నన్ను చూసుకోమన్నారు. గదుల్ని చల్లబరిచే అమ్మోనియా ఎక్కడైనా లీకైతే సైరను మోగించడం, ఫ్యాన్లు తిప్పడం, లోపలి గదికీ ప్యాకింగు హాలుకీ మధ్యనున్న ఇనప షట్టరు దించడం, అంతా అదే చేస్తుంది. యంత్రం కోసం రాసిన వాక్యాల మధ్య మనుషుల కోసం మీరు రాసిపెట్టిన మాటలున్నాయే, అవి చదువుతుంటే మీరు పక్కన నిలబడి తిడుతున్నట్టే ఉంది. మీరు వెళ్ళిపోయి ఇన్నేళ్ళయినా ఇక్కడందరికీ మీరు మాస్టారే. ఎక్కడ "టూడూ, మాస్టారు" అని కనిపించినా, పెద్దాయన ఏదో మిగిల్చి వెళ్ళాడని పక్కకి తప్పుకుంటారు.

వాటిలో ఒకటి నాకు పీకల మీదికొచ్చింది. సైరను మోగగానే షట్టరు దిగదు, కాసేపు ఆగి దిగుతుంది. ఆ ఆగే చోట మీరు మూడు ఇంటూలు పెట్టి, కింద ఇలా రాశారు: "టూడూ, మాస్టారు: ఈ ఆగడం తీయొద్దు. ఎందుకో ఇక్కడ రాయాలి." అంతే! రాయనేలేదు మహానుభావా.

కొత్తగా వచ్చిన సేఫ్టీ ఆఫీసరు దాన్ని తీసెయ్యమంటున్నాడు. ఆగినంతసేపూ గ్యాసు ప్యాకింగు హాల్లోకి వస్తుంది, అక్కడ బోలెడంతమంది పనిచేస్తారు. లోపలి గదిలో వాళ్ళకి వెనక తలుపు ఎలాగూ ఉంది కదా అంటాడు. ఆయన మాటా నిజమే. కానీ పేరున్న గుర్తుని ఆ పేరుగలవాణ్ణి అడక్కుండా ముట్టుకోకూడదని మీరు పెట్టిన రూలు ఇక్కడ ఇంకా నడుస్తోంది. అందుకే అడుగుతున్నాను. పాత కరెంటు లైన్లు పోయి కొత్త జనరేటరు వచ్చిందని కూడా మీకు తెలియాలి.

లోపలి గది మేస్త్రీ మిమ్మల్ని అడిగానని చెప్పమన్నాడు. ఆ చలిలోంచి మీసాలకి ఐసు కట్టుకుని బయటికొచ్చి, రోజూ నన్నొకటే అడుగుతాడు: "అమ్మాయిగారూ, బయట ఎండ ఉందా, అమ్మేశారా?"

అత్తని అడిగానని చెప్పండి.

మీ పేచీ


ఇల్లు, వీధివైపు గది
శుక్రవారం

పేచీకోరు పిల్లకి,

నీ ఉత్తరం చూసి మీ అత్త కంగారుపడింది, కోర్టు నోటీసేమోనని. నేను మాత్రం రెండుసార్లు చదువుకున్నాను. నన్ను పనిగురించి అడిగినవాళ్ళు ఈమధ్య ఎవరున్నారు చెప్పు? అందరూ ఒంట్లో ఎలా ఉందనే అడుగుతారు. ఒంట్లో ఏముంటుంది, ఎముకలుంటాయి.

ఇంతకీ నువ్వు ఆ గుర్తులు సరిగ్గా చదువుతున్నావా? టూడూ అంటే, చేస్తాను గాని ఇప్పుడు కాదని. ఫిక్స్‌మీ అంటే తప్పని తెలిసే వదిలేశానని. మూడు ఇంటూలంటే, చెయ్యి పెట్టేముందు కాస్త ఆగమని. ఇవి లోకంలో అందరూ రాసేవే. పక్కన పేరు రాయడం మాత్రం మన కంపెనీలో నేనే పట్టుబట్టి పెట్టించాను. అడగందే అమ్మయినా అన్నం పెట్టదంటారు. సరే, ఎవర్ని అడగాలో తెలియకపోతే? పేరు రాసినవాడు ఆ పని పూర్తిచేస్తాడని కాదు, అడిగితే చెప్తాడని. మనిషున్నాడంటే సమాధానం ఉన్నట్టే.

ఇక నీ షట్టరు. అది నిన్న పెట్టినట్టు గుర్తుంది నాకు. మూడు ఫ్యాన్లూ షట్టరు మోటారూ ఒక్కసారి కరెంటు లాగితే ఫ్యూజు ఎగిరిపోయేది. అందులో పసుపురంగు ఫ్యాను మరీ రాకాసి. అది ఊపందుకునేదాకా మోటారుని ఆపాను. ఇప్పుడు కొత్త జనరేటరు వచ్చిందన్నావుగా, ఇక ఆ ఆగడంతో పనేముంది? నిక్షేపంలా తీసెయ్. నా పేరు కొట్టేసి నీ పేరు రాసుకో. ఇక ఆ చోటుకి పెద్దదిక్కువి నువ్వే.

ఇంకేమన్నా ఉంటే అడుగు. ఊరికే కూర్చున్నాను.

మావయ్య


కోల్డ్ స్టోరేజి క్వార్టర్స్
గురువారం

మావయ్యకి,

తీసేశాను. మీరు చెప్పినట్టే "పేచీ: అడిగి తీశాను" అని రాశాను. ఎవర్ని అడిగానో సేఫ్టీ ఆఫీసరుకి తెలుసు గాని, కొట్టేసిన పేరు మళ్ళీ ఎందుకని రాయలేదు. సేఫ్టీ ఆఫీసరు నాకు టీ ఇప్పించాడు. ఆయన చేతిలోంచి టీ రాలడం ఇక్కడ చరిత్రట.

పరీక్ష కూడా చేశాం. సైరను, దాంతోపాటే షట్టరు. లోపల మేస్త్రీ, ఆయన మనుషులూ ఉన్నారు. వెనక తలుపు కడ్డీ మీద చెయ్యి వేస్తే చాలు, వెన్నలా తెరుచుకుంది. అందరూ ఎండలోకొచ్చి నిలబడ్డారు. "అమ్మలేదండోయ్, ఉంది" అన్నాడు మేస్త్రీ.

ఒక్క సంగతి. మీరు మూడు ఫ్యాన్లన్నారు, ఇక్కడ రెండే ఉన్నాయి. పసుపుది లేదు. తర్వాత తీసేసి ఉంటారు లెండి.

మీ పేచీ


ఇల్లు
ఆదివారం

పేచీకోరు పిల్లకి,

ఎలా ఉన్నావు? మన పాత ప్రోగ్రాము నీ చేతికొచ్చిందని మీ అత్త చెప్పింది. సంతోషం. అందులో నా గుర్తులేమైనా కనబడ్డాయా? కనబడితే అడుగు, మొహమాటపడకు. ఒక పసుపురంగు ఫ్యాను ఉండేది, రాకాసి, దాని కథ చెప్తాను ఎప్పుడైనా. పక్కన పేరెందుకు రాయాలో తెలుసా? అడిగితే చెప్తాడని. మనిషున్నాడంటే సమాధానం ఉన్నట్టే.

మావయ్య

తల్లీ, కింద ఈ నాలుగు ముక్కలూ నావి, అత్తవి. నువ్వు షట్టరు గురించి అడిగింది, తాను చెప్పింది, రెండూ ఆయనకి గుర్తులేవు. కొన్నాళ్ళుగా ఇంతే. పాతవి చెప్తారు, ఒకదానికొకటి కలిపేస్తారు. డాక్టరు స్కానింగు రాశాడు. నీకు ముందే చెప్పాల్సింది. కానీ నీ ఉత్తరం వచ్చిన రోజు ఆయన గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని బల్ల ముందు కూర్చున్నారే, ఆ మొహం చూశాక నోరు రాలేదు. వానలు పట్టుకున్నాయి ఇక్కడ. జాగ్రత్త.


ఇల్లు
మంగళవారం

పేచీకి,

ఇది అర్జెంటు. ఆ ఆగడం తీయొద్దు. తీసి ఉంటే వెంటనే మళ్ళీ పెట్టు.

వానకి మా పెరటి తలుపు ఉబ్బి బిగుసుకుపోయింది. ఇందాక భుజం వేసి తోశాను, కదలదే! తోస్తూ తోస్తూ ఉంటే గుర్తొచ్చింది. ఫ్యూజూ కాదు, పాడూ కాదు. ఆ ఫ్యాన్ల గొడవ వేరే చోటిది, అంతకుముందు పనిచేసిన చోటిది. నీ దగ్గర అసలు కారణం వెనక తలుపు. వానాకాలం తడిగాలి దాని సందుల్లో దూరి, లోపలి చలికి ఐసై కూర్చుంటుంది. అప్పుడు ఏనుగుని తెచ్చి తోయించినా తెరుచుకోదు. ఒకసారి సైరను పరీక్షలో నేనే లోపల ఉండిపోయాను. తోశాను, తన్నాను, అరిచాను. ఆఖరికి ముందువైపు పరిగెత్తి, దిగుతున్న షట్టరు కింద పాక్కుంటూ బయటపడ్డాను. ఆ రోజే పెట్టాను ఆ ఆగడం, లోపలివాళ్ళు ముందునించి రావడానికి వ్యవధి ఉండాలని. ఎందుకో రాద్దామంటే సిగ్గేసింది. ఇంజనీరుగారు తలుపు తీయలేక అమ్మా అని అరిచారని రాయమంటావా? కాస్త గౌరవంగా వచ్చేలా తర్వాత రాద్దామనుకున్నాను. ఆ తర్వాత ఇదే.

నీకు ఫోన్ చెయ్యమని అత్తకి చెప్తున్నాను. వినబడకపోతే పోయింది, నేనే అరుస్తాను.

మావయ్య

తల్లీ, ఉత్తరం పోస్టులో వేసేస్తున్నాను, కంగారుపడకు. ఫోన్ చెయ్యమని పొద్దుటినించీ ఒకటే గోల. మొన్న ఎదురింటివాళ్ళ గ్యాసు కట్టమని నన్ను వానలో పంపించారు, ఆ ఇల్లు ఖాళీ అయి ఏడాదయింది. అంతకుముందు చచ్చిపోయిన మేనేజరుకి ఫోన్ కలపమన్నారు. రోజుకో నాన్నా పులి. పనిలో ఉన్న నిన్ను దీనికోసం కదిలించడం ఎందుకని చెయ్యలేదు. చేశానని చెప్తే గాని అన్నం తినలేదు.


కోల్డ్ స్టోరేజి క్వార్టర్స్
బుధవారం

అత్తకి,

ఆదివారం నువ్వు రాసింది ఇవాళే అందింది. ఫోన్లో ఆయన ముందు నువ్వేమీ చెప్పలేవని రాస్తున్నాను. ఎప్పట్నించి ఇలా? స్కానింగులో ఏమన్నారు? నాకెందుకు చెప్పలేదని నీతో పేచీ పెట్టుకునే ఓపిక కూడా లేదు. మూడు ఫ్యాన్లు అన్నప్పుడే నేను ఆగి ఉండాల్సింది. మాస్టారిని తప్పుపడితే చిన్నబుచ్చుకుంటారని ఊరుకున్నాను. ఇప్పుడు నాకు భయంగా ఉంది. ఆయన చెప్పింది ఈ షట్టరు గురించో మరో షట్టరు గురించో ఎవరు చెప్పాలి? శనివారం సెలవు పెట్టి వస్తాను. ఎదురుగా కూర్చుని మెల్లిగా అడుగుతాను. ఈలోగా సేఫ్టీ ఆఫీసరుకి చెప్పి ఆ ఆగడం మళ్ళీ పెట్టిస్తానంటే, కారణమేమిటంటాడు. కారణం నా దగ్గర లేదు.

ఇక్కడా వానే. గోడలన్నీ చెమ్మ. ఇవాళ మధ్యాహ్నం మేస్త్రీ బయటికొచ్చి ఆకాశం చూసి, "నేనంటూనే ఉన్నాను, అమ్మేశారు" అన్నాడు. నవ్వించే మనిషి ఒక్కడైనా ఉన్నాడు ఇక్కడ.

ఆయన్ని కసురుకోకు అత్తా.

పేచీ


కోల్డ్ స్టోరేజి క్వార్టర్స్
ఆదివారం

అత్తకి,

ఇది నువ్వొక్కదానివే చదువు. వంటింట్లోకి వెళ్ళి చదువు.

ఇక్కడ ప్రమాదం జరిగింది. లోపలి గదిలో గొట్టం పగిలింది. సైరను మోగింది, దాంతోపాటే షట్టరు దిగడం మొదలైంది. మేస్త్రీ, ఇద్దరు లోడింగువాళ్ళు లోపలున్నారు. ముగ్గురూ వెనక తలుపు దగ్గరికి పరిగెత్తారు, నేర్పించినట్టే. అది తెరుచుకోలేదు. గుమ్మం చుట్టూ ఐసు కట్టి ఉంది. వాళ్ళలో ఒకడు మాత్రం దారిలోనే ముందువైపు తిరిగి, దిగుతున్న షట్టరు కింద దూరి బయటపడ్డాడు, కాలు విరిగింది. మేస్త్రీ, ఇంకొకతను ఉండిపోయారు. గ్యాసు ఉన్నంతసేపూ ఆ షట్టరు పైకి లేవదు, లేవకూడదనే రాశాం. బయటినించి గడ్డపారలతో వెనక తలుపు పగలగొట్టేసరికి ఇద్దరూ పోయారు. తలుపుకి ఇవతల నేనున్నాను. మొదట్లో లోపల్నించి కొడుతున్న చప్పుడు వినబడింది. తర్వాత వినబడలేదు. ఇంతకంటే రాయలేను.

మావయ్య మంగళవారం రాసిన ఉత్తరం తర్వాత అందింది. ఫోన్ సంగతి చదివాను. నువ్వు ఏమీ అనుకోకు. ఇదంతా జరిగింది సోమవారం. ఆయనకి గుర్తొచ్చేసరికే అయిపోయింది. నువ్వు ఫోన్ చేసినా చెయ్యకపోయినా ఒకటే. వింటున్నావా? ఒకటే.

విచారణ మొదలైంది. "అడిగి తీశాను" అని ఉందే, ఎవర్ని అడిగావన్నారు. ఎవర్నీ లేదు, అలవాటుగా రాశానన్నాను. సేఫ్టీ ఆఫీసరు నోరు విప్పలేదు. తన పేరు రానంతవరకు ఆయనకేం పోయింది? ఉద్యోగం నిన్నటితో పోయింది. కేసు పెడతారంటున్నారు. మావయ్య ఉత్తరం చూపిస్తే నామీది భారం సగం దిగుతుందని వకీలు అన్నాడు. చూపిస్తే వాళ్ళు మీ ఇంటికొస్తారు. ఆయన్ని కూర్చోబెట్టి, మీ మాట వల్ల ఇద్దరు పోయారని చెప్తారు. ఆయన ఏడుస్తారు. మర్నాటికి మర్చిపోతారు. వాళ్ళు మళ్ళీ వస్తారు, మళ్ళీ చెప్తారు, ఆయన మళ్ళీ కొత్తగా వింటారు. ఒకే మనిషికి ఆ కబురు ఎన్నిసార్లు చెప్పాలి? నేను చెప్పనివ్వను.

వెళ్ళేముందు ఆ ఆగడం మళ్ళీ పెట్టి వచ్చాను. దానిపైన నా పేరు ఉంచలేదు, ఎవరి పేరూ రాయలేదు. ఆయన రాయాలనుకుని వదిలేసింది రాశాను: "వానాకాలంలో వెనక తలుపు ఐసు కట్టి బిగుసుకుంటుంది. లోపల మనుషులుంటారు." ఇంత చిన్న మాట అత్తా. సిగ్గుపడడానికి అందులో ఏముంది?

ఆయన అడిగితే, ఉత్తరం టైముకి అందిందని, నేను ఏమీ తీయలేదని చెప్పు.

పేచీ


ఇల్లు, వీధివైపు గది
శుక్రవారం

పేచీకోరు పిల్లకి,

నా ఉత్తరం టైముకి అందిందట, నువ్వు ఆ ఆగడం ముట్టుకోనే లేదట, అత్త చెప్పింది. హమ్మయ్య! రెండు రోజులు నిద్ర లేదంటే నమ్ము. ఏమిటో, ఈమధ్య కాస్త మరుపు వచ్చింది గాని, అసలైనది మాత్రం సమయానికి తట్టింది చూశావా? నేను చెప్పకపోయి ఉంటే ఏమై ఉండేదో! పేరు రాసి పెట్టడం వల్ల ఎంత లాభమో ఇప్పటికైనా ఒప్పుకో. మనిషున్నాడంటే సమాధానం ఉన్నట్టే.

కారణం కూడా రాసెయ్, నేను అరిచానన్నది మాత్రం రాయకు. అక్కడొక మేస్త్రీ ఉండాలి, మీసాలవాడు, నవ్విస్తాడు. వాణ్ణి అడిగానని చెప్పు. బయట ఎండ ఉందని చెప్పు, ఎవరూ అమ్మలేదని.

మావయ్య

తల్లీ, వెనక వైపు నేను రాస్తున్నాను. ఆయన నిద్రపోయారు.

సోమవారం జరిగిందన్నావు. నువ్వు బుధవారం రాసిన ఉత్తరం వానల వల్ల కాబోలు, నిన్ననే వచ్చింది. పోస్టు చేసిన సంగతే మర్చిపోయినట్టున్నావు. అందులో ఆ మధ్యాహ్నం మేస్త్రీ బయటికొచ్చి ఆకాశం చూశాడని ఉంది. నేను పెద్దగా చదువుకోలేదు గాని, సోమవారం తర్వాత బుధవారం వస్తుందని తెలుసు.

అంటే మంగళవారం నేను ఫోన్ ఎత్తి ఉంటే ఆ ఇద్దరూ ఇంటికెళ్ళేవాళ్ళు. ఆయన నా చెయ్యి పట్టుకుని, ఫోన్ నా చేతిలో పెట్టి మరీ అడిగారు. మామూలుగా కాదు, కళ్ళలో నీళ్ళతో అడిగారు. ఇదిగో చేస్తున్నానని బల్లమీద పెట్టేసి, పెరటి తలుపు తుడవడానికి వెళ్ళాను. నాకోసం రోజు మార్చావు. అంత చిన్నపిల్లవి ఇంత మోస్తుంటే నేను మోయలేనా?

ఆయన ఉత్తరాలన్నీ వకీలుకివ్వు. నేను కింద రాసిన ముక్కలు కూడా కొట్టెయ్యకుండా ఇవ్వు. విచారణకి వచ్చేవాళ్ళని రానీ. గుమ్మంలో నేను నిలబడతాను, అడగాల్సింది నన్నే అడుగుతారు, చెప్పాల్సింది నేనే చెప్తాను. గడప దాటి లోపలికి మాత్రం రానివ్వను. ఆయన లోపల కూర్చుని, ఎవరొచ్చారు, మన పేచీ బావుందటా అని అడుగుతుంటారు.

బావుందట అని చెప్తాను.

అత్త